చలికాలపు గాలిలో నిచ్చెనలు

సూరత్ నగరానికి ఆగ్నేయ దిశలో, ఉధ్నా రైల్వే జంక్షనుకు ఆవల, డిండోలి ఉన్నది. ఇచ్చటను, పొరుగున ఉన్న లింబాయత్‌లోను మరమగ్గాల పనివారి కుటుంబాలు అధికం. వారిలో కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుండి బ్రతుకుతెరువుకై వలస వచ్చి స్థిరపడిన తెలుగు పద్మశాలీలు అనేకులు కలరు. జనవరి మాసంలో ఉదయం 7 గంటల 20 నిమిషాల ప్రాంతంలో, అప్పుడే ప్రొద్దు పొడుస్తున్న వేళ, ఇచ్చటి ఎత్తైన డాబా మీద నిలిచి పడమరకు చూస్తే పాండేసరా అద్దకపు మిల్లుల పొగగొట్టాలు కనిపిస్తాయి. వాటి నుండి వెలువడే పొగ కొంత ఎత్తు వరకు నిలువుగా లేస్తుంది. అక్కడ కనిపించని కప్పు ఏదో తగిలినట్లు ఆగిపోతుంది. పిమ్మట దుప్పటి పరచినట్లు అడ్డంగా సాగిపోతుంది.

ఆ కప్పు కవి కల్పన కాదు. మేఘాలు లేని చలికాలపు రాత్రి నేల తన వేడిమిని ఆకాశంలోకి వెదజల్లి త్వరగా చల్లబడుతుంది. నేలను అంటి ఉన్న గాలి కూడా చల్లబడి, బరువెక్కి, క్రిందనే పడి ఉంటుంది. దానిపై గాలి అంతకంటె వెచ్చగా ఉంటుంది. సాధారణంగా ఎత్తుకు పోయినకొద్దీ చల్లదనం హెచ్చుతుంది గదా; ఇక్కడ వరుస తలక్రిందులవుతుంది. దీనినే శాస్త్రజ్ఞులు ఉష్ణోగ్రతా విలోమం అంటారు. ఈ మూత తొలగనిదే క్రింది గాలి పైకి పోజాలదు. గాలి పైకి పోనిదే, ఇంజను లేని విమానం ఏదీ ఆకాశంలో నిలువజాలదు.

ఇంజను లేని విమానమనగా గ్లైడరు. నేల మీద నిలిచినవాడు చేతిలోని రేడియో యంత్రంతో నడిపే చిన్న గ్లైడర్లు ప్రపంచమంతటా వేలాదిమందికి ప్రియమైన వినోదం. వాటిలో ఒక రకాన్ని రెక్క కొస పట్టుకొని, డిస్కస్ విసిరినట్లు గిరగిర తిరిగి విసురుతారు. రెక్కల నిడివి ఒకటిన్నర మీటరు, బరువు పావుకిలో మాత్రమే. నేర్పరి విసిరితే 50, 60 మీటర్ల ఎత్తుకు పోతుంది. అక్కడి నుండి దాని గతి ఒక్కటే, క్రిందికి జారడం. నిశ్చలమైన గాలిలో అది సెకనుకు అరమీటరు కంటె తక్కువ వేగంతో దిగుతుంది. అంతకంటె వేగంగా పైకి లేస్తున్న గాలి దొరికిందా, దిగుతూనే పైకి పోతుంది! ఎక్కుతున్న మెట్లయంత్రం మీద నిలిచి, మెల్లగా ఒక్కొక్క మెట్టే క్రిందికి దిగుతున్న మనిషి వలె.

కాబట్టి ఈ ఆటలో నైపుణ్యమంతా పైకి లేచే గాలిని వెదకడంలోనే ఉన్నది. ఎండాకాలంలో అది సులభం. చలికాలంలో అట్టి గాలి ఉండనే ఉండదని చాలామంది విమానాలను అటక ఎక్కిస్తారు. ఇది పొరపాటు. గాలిని పైకి లేపేది వేడి కాదు, వేడిలోని తేడా. దున్నిన పొడినేల, తారురోడ్డు, రేకుల కప్పులు ఎండకు త్వరగా వేడెక్కుతాయి. నీటి తడి ఉన్న చెరకుతోట నిదానంగా వేడెక్కుతుంది. ఆ రేకుల మీది గాలి ప్రక్క గాలి కంటె ఒకటి రెండు డిగ్రీలు వెచ్చనైతే చాలు, తేలికపడి పైకి లేస్తుంది. చుట్టూ ఉన్నది 40 డిగ్రీల వేడా, మంచు కురిసే చలా అన్నది దానికి పట్టదు. ఐరోపా దేశాల్లో పొలాలు మంచుతో కప్పబడినప్పుడు కూడా, నల్లని రోడ్డు మీద, ఆకులు రాలిన చెట్ల గుంపు మీద పలుచని ఎండకే గాలి లేస్తుంది. సూరత్‌లో జనవరి రాత్రి ఉష్ణోగ్రత 15 డిగ్రీల ప్రాంతంలోను, పగలు 30 డిగ్రీల ప్రాంతంలోను ఉంటుంది. దీనిని చలి అంటే ఆ దేశాలవారు నవ్వుతారు. అయినను రాత్రికి, పగటికి గల ఆ 15 డిగ్రీల అంతరంలోనే ఉన్నది విశేషమంతా.

అయితే చలికాలపు గాలి చాలా పిసినారి. సంక్రాంతినాడు డిండోలిలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు నడినెత్తికి రాడు. క్షితిజం నుండి 48 డిగ్రీలకు లోపే ఉంటాడు. అందువలన నేలకు చేరే ఎండ, సూర్యుడు నడినెత్తిన ఉండే రోజులతో పోలిస్తే, ఇంచుమించు మూడువంతుల పాలే. అందులో తొలి గంటల ఎండంతా రాత్రి మూతను కరిగించడానికే ఖర్చవుతుంది. పైకి లేచే గాలి ప్రతి 100 మీటర్లకు దాదాపు ఒక డిగ్రీ చొప్పున చల్లబడుతూ పోతుంది; తన చుట్టూ ఉన్న గాలి తనకంటె వెచ్చనైన చోట ఆగిపోతుంది. కనుక చలికాలపు ఊర్ధ్వ ప్రవాహం ఆలస్యంగా మొదలవుతుంది, సన్నగా ఉంటుంది, అంత ఎత్తుకు పోదు, పెందలకడనే ముగుస్తుంది. సముద్రం దగ్గరగా ఉన్న సూరత్ వంటి చోట మధ్యాహ్నం తరువాత వీచే సముద్రపుగాలి దానిని ఇంకా ముందే చల్లార్చవచ్చు. ఉత్తరాదిన పశ్చిమ అలజడులు సాగిపోయిన మరునాడు, ఆకాశం తేటపడి, పైన చల్లని గాలి పరచుకున్నప్పుడు మాత్రం స్థితి వేరు. అట్టి రోజు ఎముకలు కొరికే చలిలోనే మంచి లేపుడు దొరుకుతుంది.

కంటికి కనిపించని ఈ ప్రవాహాన్ని పసిగట్టడం ఎట్లు? మొదటి సాక్షి ఆ మిల్లు పొగే. దుప్పటి వలె పరచుకున్న పొగ పది గంటల ప్రాంతంలో పాము వలె మెలికలు తిరుగుతూ పైకి, క్రిందికి ఊగసాగిందంటే మూత తొలగిందన్నమాట. రెండవ సాక్షి చర్మం. వెచ్చని గాలి ఒకచోట పైకి లేచినప్పుడు ఆ ఖాళీని నింపడానికి చుట్టుప్రక్కల గాలి అటువైపు పరుగెత్తుతుంది. అంతవరకు వీచిన పిల్లగాలి హఠాత్తుగా నిలిచి, చెంపకు కాస్త వెచ్చదనం తగిలి, మరుక్షణం గాలి దిక్కు మారిందంటే, అది ఎటు పోతున్నదో ఆ వైపే నిచ్చెన ఉన్నది. అనుభవజ్ఞులు కర్రకొసన సన్నని పట్టుదారమో రిబ్బనో కట్టి ఈ మార్పును కనిపెడతారు. మూడవ సాక్షి గ్లైడరే. దాని ఎడమ రెక్క తనంతట తాను పైకి లేచిందనుకోండి, ఊర్ధ్వ ప్రవాహం ఎడమవైపున ఉన్నది. తెలియనివాడు రెక్కను సరిచేసి కుడికి పోతాడు. తెలిసినవాడు లేచిన రెక్కవైపే తిప్పి, అక్కడే చిన్న చిన్న చుట్లు తిప్పుతాడు. వేసవిలో పెద్ద చుట్టు చుట్టినా ఫరవాలేదు. చలికాలపు సన్నని స్తంభంలో చుట్టు పెద్దదైతే సగం బయట పడుతుంది.

ఇన్ని సాక్షుల కంటె నమ్మదగినది గ్రద్ద. ఈ విషయాన్ని మన దేశంలోనే ఒక ఆంగ్లేయుడు ఏళ్ళ తరబడి శ్రద్ధగా పరిశీలించాడు. ఎర్నెస్ట్ హాన్‌బరీ హాన్‌కిన్ ఆగ్రాలో ప్రభుత్వ ప్రయోగశాలను నడిపిన సూక్ష్మజీవి శాస్త్రవేత్త. గంగా యమునల నీటిలో కలరా క్రిమిని నశింపజేసే గుణమున్నదని 1896లో ప్రకటించినవాడు. ఆయన తీరికవేళల్లో ఆకాశం వైపు చూస్తూ కూర్చునేవాడు. ఆ పరిశీలనల ఫలితంగా జంతువుల ఎగురుడు గురించి 1913లో ఒక గ్రంథం వెలువడింది. ఉదయం పక్షులన్నీ ఒకేసారి తేలియాడవని ఆయన గమనించాడు. ముందు తేలికైన గ్రద్దలు రెక్కలు ఆడించకుండా చుట్లు తిరగడం ప్రారంభిస్తాయి. బరువైన రాబందులు చెట్లమీదనే వేచి ఉండి, ఎండ ముదిరిన తరువాత గాని లేవవు. గ్రద్ద బరువు కిలోకు లోపు. తెల్లవీపు రాబందు నాలుగైదు కిలోలు తూగుతుంది. గాలికి బలం వచ్చేకొద్దీ బరువైన పక్షి వంతు వస్తుంది. 1904 నుండి 1924 వరకు భారత వాతావరణ శాఖకు అధిపతిగా ఉన్న గిల్బర్ట్ వాకర్‌కు కూడా ఈ పక్షుల మీద మక్కువ ఎక్కువ. ఋతుపవనాల లెక్కలతో తలమునకలైన ఆ గణితవేత్త సిమ్లాలో బూమరాంగులు విసిరేవాడు. అట్టివానికి గ్రద్దల మీద ఆసక్తి కలగడంలో వింత లేదు.

డిండోలి డాబాల మీద జనవరి 14న ఈ సంగతులన్నీ ఒక్కచోట కలుస్తాయి. ఆనాడు గుజరాతీలకు ఉత్తరాయణం, తెలుగువారికి సంక్రాంతి. తెల్లవారకముందే పిల్లలు, పెద్దలు డాబాలెక్కుతారు. ఊంధియూ, జిలేబీలు కూడా పైకే వస్తాయి. ప్రత్యర్థి పతంగి తెగినప్పుడు “కాయ్ పో ఛే!” అన్న కేక వీధులు దాటి వినిపిస్తుంది. పతంగులవారికి గ్లైడరు సంగతి తెలియకపోవచ్చు గాని గాలి సంగతి బాగా తెలుసు. ఉన్నట్టుండి దారం బిగువు సడలి, పతంగి నెత్తిమీదికి వచ్చి నిలిచిందంటే పైకి లేచే గాలి దాని క్రిందుగా పోతున్నదని వారి వ్రేళ్ళు చెబుతాయి.

ఆ వ్రేళ్ళలోని దారమే పక్షులకు మృత్యుపాశం. గాజుపొడి, రంగు, జిగురు కలిపి దారానికి పట్టించిన మాంజాకు సూరత్ పెట్టింది పేరు. నైలాన్ తదితర కృత్రిమ దారాలతో చేసిన మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017 జూలైలో దేశమంతటా నిషేధించింది. అయినను పండుగనాళ్ళలో ద్విచక్ర వాహనదారులు మెడ తెగకుండా హ్యాండిల్‌కు ఇనుప కమ్మీ బిగించుకొనక తప్పడం లేదు. మనిషి కమ్మీ బిగించుకొనగలడు. గాయపడిన పక్షుల కొరకు గుజరాత్ ప్రభుత్వం 2017 నుండి ‘కరుణా అభియాన్’ పేరిట జనవరి 10 నుండి 20 వరకు చికిత్సా శిబిరాలను నడుపుతున్నది. ఉదయం, సాయంత్రం పక్షులు గూళ్ళు విడిచే వేళ, గూళ్ళు చేరే వేళ పతంగులు ఎగురవేయవద్దని ప్రజలను కోరుతున్నది.

ఇది మంచి సలహాయే. గాయపడేవాటిలో అధికసంఖ్యాకాలైన పావురాలకు, గూటికి బారులు తీరి మరలే కొంగలకు ఇది మేలు చేస్తుంది. కాని గ్రద్దకు, రాబందుకు ఈ గడియారం సరిపోదు. అవి తెల్లవారగానే రెక్కలు ఆడించకుండా పైకి తేలలేవు. మూత తొలగే పది గంటలకు గ్రద్ద లేస్తుంది. రాబందు ఇంకా తరువాత. పతంగుల పండుగ ముమ్మరించే సమయం సరిగ్గా అదే. పైగా వేసవిలో వలె వేల మీటర్ల ఎత్తుకు పోయి తప్పించుకుందామన్నా చలికాలపు నిచ్చెన అంత పొడవు ఉండదు. బలహీనమైన రోజున కొన్ని వందల మీటర్లే. అందులో తొలి మెట్లన్నీ దారాల మధ్యనే ఉన్నవి. ఊరి మీది రేకుల కప్పులే మంచి గాలిని పుట్టిస్తాయి గనుక పక్షి ఊరి మీదికే వస్తుంది. సన్నని స్తంభంలో చిన్న చుట్లు తిరుగుతూ ఒకే చోట పది, ఇరవైసార్లు అదే దారాన్ని దాటవలసి వస్తుంది.

అహ్మదాబాదు పరిసరాలలో రాబందులు మాంజాకు చిక్కి గాయపడిన ఉదంతాలు నమోదై ఉన్నవి. పశువులకు వాడిన డైక్లోఫినాక్ మందు వలన 1990 దశకం నుండి తెల్లవీపు రాబందులు దేశంలో నూటికి తొంభైతొమ్మిదికి పైగా నశించాయి. ఆ మందును పశువులకు వాడరాదని ప్రభుత్వం 2006లో నిషేధించింది. మిగిలినవి ఏడాదికి ఒక్క గ్రుడ్డు మాత్రమే పెడతాయి. శీతకాలం ఆరంభంలో పెట్టిన గ్రుడ్డు పొదిగి, జనవరి నాటికి గూటిలో పిల్ల ఉంటుంది. మేత తేవడానికి తల్లిదండ్రులిద్దరూ వంతులవారీగా పోవలసినదే. వారిలో ఒకరు మరలి రాకపోతే మిగిలినవారికి ఆ బరువు మోయడం కష్టం.

15వ తేదీ గుజరాతీలకు ‘వాసీ ఉత్తరాయణ్’, అనగా నిలవ పండుగ. ఆ సాయంత్రం ఆరుంబావు ప్రాంతంలో ప్రొద్దు క్రుంకుతుంది. నేల చల్లబడి కప్పు మళ్ళీ మూసుకుంటుంది, మిల్లు పొగ మళ్ళీ దుప్పటి పరుస్తుంది. విద్యుత్తు తీగల మీద, వేపచెట్ల కొమ్మల్లో, రేకుల అంచుల్లో తెగిన దారాలు వ్రేలాడుతుంటాయి. వాటిని ఎవరూ తీయకపోతే వర్షాకాలం వరకు అక్కడే ఉంటాయి. మరునాడు పది గంటలకు గ్రద్దలు మళ్ళీ వాటి మధ్య నుండే లేస్తాయి.