సశేషం అన్నా సరే, మొదలెట్టండి

“అది పూర్తయ్యాక చెప్పు బాబూ, ఒక్కసారే కూర్చుని చదివేస్తా.”

నేను ఏ వెబ్ కామిక్ పేరెత్తినా నా ఫ్రెండ్స్‌లో సగం మంది చెప్పే జవాబు ఇదే. సిరీస్ మొత్తం ఒక్క రాత్రిలో చూసేసి, పొద్దున్న మీటింగులో ఆవలించే బ్యాచ్ మరి! వాళ్లంటే సరే. వారపత్రిక చదివే మీరు మాత్రం ఆ మాట అనరని నా నమ్మకం. ‘సశేషం’ అన్న మూడక్షరాల దగ్గర ఆగి, మళ్లీ సంచిక వచ్చేదాకా ఆ పాత్రల గురించే మాట్లాడుకోవడం మన ఇళ్లలో అమ్మమ్మల కాలం నుంచీ ఉన్న అలవాటే కదా.

అందుకే ఈసారి కబుర్లన్నీ ఇంకా పూర్తికాని కామిక్స్ గురించే. నెట్‌లో వస్తున్నవి, డబ్బు కట్టకుండా మొదలెట్టగలిగేవి, నేను క్రమం తప్పకుండా తెరిచేవి.

మా కొత్తపేట విగ్రహాలకు పేరున్న ఊరని మీకు తెలిసే ఉంటుంది. ఇక్కడి శిల్పి రాజ్‌కుమార్ వుడయార్ గారి చేతిలో తయారైన విగ్రహాలు ఎన్నో ఊళ్ల కూడళ్లలో నిలబడ్డాయి. మిగతా ఊళ్లవాళ్లు విగ్రహాన్ని ముసుగు తీసిన రోజున చూస్తారు. మాకు మాత్రం అది మట్టి ముద్దగా ఉన్నప్పటి నుంచీ తెలుసు. ఇవాళ భుజం, నాలుగు రోజులాగి ముక్కు, ఆ తర్వాత కళ్లజోడు. “చూపు కుదిరిందిరా” అని ఒకరు, “చెయ్యి ఇంకాస్త లేవాలండీ” అని ఇంకొకరు. నడుస్తున్న కామిక్ చదవడంలో ఉన్న సరదా కూడా అదే. గీసేవాడి చెయ్యి తిరగడం మన కళ్లముందే జరుగుతుంది.

ఇక జాబితాలోకి వద్దాం.

మొదటిది ‘ఎక్స్‌కేసీడీ’. నా వృత్తిలో ఉన్నవాళ్లకి ఇది సగం పాఠ్యపుస్తకం. గీసేది రాండల్ మన్రో అనే అమెరికన్. ఫిజిక్స్ చదివి, కొంతకాలం నాసాలో రోబోల మీద పనిచేసి, 2005 నుంచి ఇది నడుపుతున్నాడు. సోమ, బుధ, శుక్రవారాల్లో కొత్తది వస్తుంది. మనుషులంతా గీతల బొమ్మలే, ముఖాలు కూడా ఉండవు. కంప్యూటర్లో చదివితే మౌస్ బాణాన్ని బొమ్మ మీద కాసేపు నిలపండి, లోపల దాచిన ఇంకో జోకు బయటకొస్తుంది. 2020లో వచ్చిన 2347వ కామిక్‌తో మొదలెట్టండి. ఈనాటి డిజిటల్ ప్రపంచమంతా దిమ్మెల మీద దిమ్మెలు పేర్చిన గోపురంలా ఉంటుంది. కింద ఎక్కడో సన్నటి దిమ్మె ఒకటి దాన్నంతా మోస్తుంటుంది. ఎవరో ఒక్క మనిషి, ఎవరి మెప్పూ లేకుండా, ఏళ్ల తరబడి చూసుకుంటున్న ప్రోగ్రామ్ అది. 2021 డిసెంబర్‌లో ‘లాగ్ ఫర్ జే’ లోపం బయటపడి సాఫ్ట్‌వేర్ లోకమంతా ఉలిక్కిపడ్డప్పుడు అందరూ ఒకరికొకరు పంపుకున్నది ఈ బొమ్మే.

రెండోది మన దేశానిది, ‘గ్రీన్ హ్యూమర్’. నాగపూర్‌కు చెందిన రోహన్ చక్రవర్తి దంతవైద్యం చదివి, పళ్లు వదిలేసి పులుల వెంట పడ్డాడు. 2010 నుంచి అడవి జంతువులూ పక్షులూ ఇతని కామిక్‌లో మనలాగే మాట్లాడుకుంటున్నాయి, మన మీద జోకులేస్తున్నాయి. నవ్వుతూ నవ్వుతూనే ఒక కొత్త జీవి పేరు నేర్చుకుంటాం. మా అక్క కొడుకు ఐదో తరగతి. వాడికి ఇవి చూపిస్తుంటే “మామయ్యా, ఇలాంటివి మన దగ్గర ఏమైనా ఉన్నాయా?” అన్నాడు. కోరంగి మడ అడవుల్లో చేపలు పట్టుకు తినే బావురు పిల్లి ఉందని చెబితే వాడు నమ్మలేదు. ఫొటో చూపించాల్సి వచ్చింది. పిల్లలతో కలిసి చదవడానికి నా మొదటి ఓటు దీనికే.

మూడోది పెద్దవాళ్లకి: రచితా తనేజా గీసే ‘శానిటరీ ప్యానెల్స్’. 2014లో మొదలైంది. ఇదీ గీతల బొమ్మలే, రెండు మూడు గళ్లలో అయిపోతుంది. విషయాలు మాత్రం ఆడవాళ్ల బతుకు, రాజకీయం, కోర్టులు. కొన్ని బొమ్మల మీద 2020లో కోర్టు ధిక్కార పిటిషన్ పడి, సుప్రీంకోర్టు నుంచి ఆమెకు నోటీసు వెళ్లింది. 2024లో కార్టూనిస్టుల ధైర్యానికి ఇచ్చే కోఫీ అన్నన్ పురస్కారం అందుకుంది. ఆమె రాజకీయాలతో మీరు ఏకీభవించక్కర్లేదు. చిన్న గీతకి ఎంత బరువుంటుందో చూడ్డానికైనా చదవాలి.

నాలుగోది నాకు అన్నిటికన్నా ఇష్టమైనది, టామ్ సిడెల్ అనే బ్రిటిష్ చిత్రకారుడి ‘గన్నర్‌క్రిగ్ కోర్ట్’. ఇదీ 2005లోనే మొదలైంది, ఇదీ వారానికి మూడు రోజులే. యాంటిమొనీ అనే అమ్మాయి ఫ్యాక్టరీలా కనిపించే ఓ వింత స్కూల్లో చేరుతుంది. కొన్నాళ్లకి తన వెనకాల రెండో నీడ ఒకటి నడుస్తోందని గమనిస్తుంది. ఏటికి ఇటువైపు యంత్రాలు, అటువైపు మాయల అడవి, మధ్యలో పొడవాటి వంతెన. గోదావరి పాయల మధ్య పెరిగినవాళ్లకి ఆ వంతెన దాటడంలో ఉన్న దిగులు వేరే చెప్పక్కర్లేదు. మొదటి అధ్యాయంలో బొమ్మలు కాస్త మొరటుగా ఉంటాయి, అక్కడే ఆపేయకండి. పేజీలు తిప్పేకొద్దీ గీత ఎలా పదునెక్కిందో చూస్తే, మట్టి ముద్దకి ముక్కూ కళ్లూ వస్తున్నట్టే ఉంటుంది.

ఐదోది రిచ్ బర్ల్యూ గీస్తున్న ‘ఆర్డర్ ఆఫ్ ద స్టిక్’. 2003 నుంచి వస్తోంది. ఆరుగురు సాహసికులు ఒక దుష్ట మాంత్రికుడి వెంట పడే కథ. మొదట్లో ఉత్త జోకుల్లా ఉంటుంది, వంద భాగాలు దాటేసరికి ఈ పుల్లల బొమ్మల కోసం గుండె బరువెక్కుతుంది. కొత్త భాగానికి ఫలానా రోజని ఏమీ లేదు, వచ్చినప్పుడే పండగ.

ఆరోది కొరియా నుంచి, ‘టవర్ ఆఫ్ గాడ్’. సియు అనే కలం పేరుతో గీస్తున్నాడు, 2010లో నేవర్ వెబ్‌టూన్‌లో మొదలైంది. రంగుల బొమ్మలు, ఫోన్లో కిందికి జరుపుకుంటూ చదివే పద్ధతి. బామ్ అనే కుర్రాడికి లోకంలో ఉన్నది ఒక్కటే స్నేహితురాలు. ఆమె ఒక మహాగోపురంలోకి వెళ్లిపోతే, వెతుక్కుంటూ వీడూ వెళ్తాడు. ఒక్కో అంతస్తుకీ ఒక్కో పరీక్ష. కొట్లాటలు ఎక్కువ, చిన్నపిల్లలకి వద్దు.

ఇప్పుడు మళ్లీ మా ఫ్రెండ్స్ మాట దగ్గరికి వద్దాం. పూర్తయ్యాక చదువుతానంటే తప్పేంటి?

తప్పని కాదు. అందరూ అలాగే అనుకుంటే పూర్తయ్యేది ఒక్కటీ ఉండదు, అంతే. ఈ ఆరింటి వెనక పెద్ద స్టూడియోలేం లేవు. చాలావరకు ఒక్క మనిషి, ఒక బల్ల, ఒక మణికట్టు. ‘టవర్ ఆఫ్ గాడ్’ రచయిత ఆరోగ్యం బాగోక 2020లో ఆపి, దాదాపు ఏడాది విశ్రాంతి తీసుకున్నాడు. బర్ల్యూకి 2012లో చేతికి పెద్ద గాయమై కొన్ని నెలలు బొమ్మ ఆగిపోయింది. అంతకు ముందు అదే ఏడాది ఇంకో సంగతి జరిగింది. పాత పుస్తకాలు మళ్లీ అచ్చు వేయడానికి 57,750 డాలర్లు కావాలని అతను పాఠకుల్ని అడిగాడు. దాదాపు 15 వేల మంది కలిసి 12.5 లక్షల డాలర్లు ఇచ్చారు. వాళ్లంతా కథ పూర్తయ్యేదాకా ఆగిన వాళ్లు కాదు, ఏళ్ల తరబడి సశేషం చదివినవాళ్లు. ఆ సన్నటి దిమ్మె కింద చెయ్యి పెట్టి పట్టుకున్నది వాళ్లే.

డబ్బే ఇవ్వాలని లేదు. వచ్చిన రోజున చదవడం, బాగుంటే ఒక మాట రాయడం, ఆలస్యమైతే తిట్టకుండా ఉండటం. ఇవి కూడా ఇవ్వడమే.

ఇంకొక్క మాట, కాస్త మనసులో మెదిలేది. పైన చెప్పిన ఆరింట్లో తెలుగు కామిక్ ఒక్కటీ లేదు. మనకి బొమ్మలు తెలియక కాదు. 1947లో మొదలైన ‘చందమామ’లో దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్లూ, వాటికి ‘చిత్ర’ వేసిన బొమ్మలూ నెలనెలా పిల్లల్ని వాకిట్లో కాపు కాయించాయి. వశిష్ఠ దాటితే నరసాపురం, అది బాపు పుట్టిన ఊరు. ముళ్లపూడి రాసిన బుడుగుకి ఆయన రూపం ఇచ్చాక, ఆ పిల్లాణ్ణి ఇంకోలా ఊహించుకోవడం ఎవరి వల్లా కాలేదు. అలాంటి భాషలో, మా అక్క కొడుకు తెలుగు పేరాని కూడబలుక్కుని చదివి, రెండో వాక్యానికే పుస్తకం మూసేస్తున్నాడు. అదే బొమ్మ పక్కన బుడగలో నాలుగు తెలుగు మాటలుంటే చకచకా చదివేస్తాడు, నేను చూశాను. ‘బావురు పిల్లి’ అని ఆ రోజు కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసుకున్నది వాడే.

ఫోన్లో తెలుగు బొమ్మలు గీసి పెడుతున్న కుర్రాళ్లు, అమ్మాయిలు మీ చుట్టుపక్కల ఉండే ఉంటారు. వాళ్ల కార్టూన్లు మన వాట్సాప్ గ్రూపుల్లోకి వస్తూనే ఉంటాయి, చాలాసార్లు కింద సంతకం కత్తిరించేసి. ఈసారి ఒక మంచి బొమ్మ కనబడితే, ఫార్వర్డ్ నొక్కే ముందు గీసింది ఎవరో వెతకండి. పేరుతో సహా పంపండి. వాళ్ల పేజీకి వెళ్లి, తర్వాతి భాగం ఎప్పుడని అడగండి. గీసేవాళ్లకి ఆ ప్రశ్నని మించిన ప్రోత్సాహం లేదండీ.