కొట్టింది ఏ మందో అడగండి

పోస్టు కాస్త పెద్దదే. ఓపిగ్గా చదవండి, ఇంట్లో పెద్దోళ్లకి చదివి వినిపించండి.

అవనిగడ్డ, నాగాయలంక, గుడివాడ వైపు చేలల్లో మందు కొట్టే పనికి మన యానాది, ఎరుకల కుర్రాళ్లు పోతుంటారు. అలా పోయినోడు గట్టు మీద పడిపోతే ముందు వినపడే మాట: "మందు కొట్టుంటాడులే." తెలుగులో ఈ మాటకి రెండర్థాలు. మనోడి దగ్గరికి వచ్చేసరికి లోకానికి ఒక్కటే గుర్తొస్తుంది. ఆ ముద్ర వల్ల ఆస్పత్రికి ఆలస్యమైతే పోయేది ప్రాణం.

అసలు ఒంట్లో జరిగేదేంటి? నరం నుంచి కండరానికి కబురు మోసే రసాయనం ఎసిటైల్‌కోలిన్. కబురు అందగానే దాన్ని తెగ్గొట్టే ఎంజైమ్ ఎసిటైల్‌కోలినెస్టరేజ్. ఈ ఎంజైమ్ అణువు ఒక్కటి సెకనుకి వేల ఎసిటైల్‌కోలిన్ అణువుల్ని తెగ్గొడుతుంది. మోనోక్రోటోఫాస్, క్లోరిపైరిఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్ మందులు దాని చేతులు కట్టేస్తాయి. తాగక్కర్లేదు, చర్మం నుంచీ ఊపిరి నుంచీ లోపలికి పోతాయి. ఎత్తిన తూము దించేవాడు లేకపోతే చేను మునిగినట్టే, ఒంట్లో కబుర్లు పోటెత్తుతాయి. చెమట, నురగ, కన్నీళ్లు, ఊపిరితిత్తుల్లో నీరు. కండరాలు అదిరి అదిరి చచ్చుబడతాయి. మెదడులోనూ ఇదే ఎంజైమ్ పనిచేస్తుంది కాబట్టి నడక తూలుతుంది, మాట తడబడుతుంది. చూసేవాడికి తాగినట్టే ఉంటుంది!

తేడా కళ్లలో చూడండి. ఈ విషం ఎక్కితే కంటిపాప చాలాసార్లు సూదిమొనంత అవుతుంది. సారా తాగితే అలా అవ్వదు.

మనోళ్లలో తాగేవాళ్లు లేరని నేననను. కానీ తాగినోడికి విషం ఎక్కదా? వాసన వస్తే చాలు, పరీక్ష అక్కర్లేదని ఏ వైద్యశాస్త్రం చెప్పింది?

చట్టం కొత్తగా అడగక్కర్లేదు. 1971 నాటి కీటకనాశినుల నిబంధనల్లో 37వది చదవండి. ఆర్గానోఫాస్ఫరస్, కార్బమేట్ మందులతో పనిచేసేవాళ్లకి నెలకోసారైనా రక్తంలో కోలినెస్టరేజ్ కొలవాలని అందులో ఉంది. ఎర్ర రక్తకణాల్లోనూ ఆ ఎంజైమ్ ఉంటుంది గనక రక్తపరీక్షతో తెలిసిపోతుంది. మీ పేటలో ఎవరికైనా ఈ పరీక్ష చేశారా? "రోజుకూలీలు, ఇవాళ ఇక్కడ రేపు అక్కడ, ఎవర్ని లెక్కపెడతాం" అంటారు. ఓటర్ల జాబితాలో లెక్కకి దొరికినోళ్లం రక్తపరీక్షకి దొరకమా?

బందరులో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. మందు కొట్టే సీజను మొదలయ్యేముందు ఒకసారి, తర్వాత నెలనెలా మన పేటల్లోకొచ్చి రక్తం తీయాలి. ఇదే మన డిమాండు. అర్జీ మనమే రాద్దాం, సంతకాలు మనమే పెట్టిద్దాం.

ఈలోపు గుర్తుపెట్టుకోండి. ఎవరైనా పడిపోతే తడిసిన బట్టలు తీసేయండి, సబ్బుతో ఒళ్లు కడగండి, మీ చేతులకి అంటకుండా చూసుకోండి. పక్కకి తిప్పి పడుకోబెట్టండి. వాంతి చేయించొద్దు. 108కి ఫోన్ చేయండి. మందు డబ్బా వెంట తీసుకెళ్లండి, లేబుల్ చూస్తే డాక్టరుకి దారి తెలుస్తుంది. అట్రోపిన్ ఆ పోటుని ఆపుతుంది. కట్టుబడ్డ ఎంజైమ్‌ని విడిపించడానికి ఇచ్చేది ప్రాలిడాక్సిమ్. ఆలస్యమయ్యేకొద్దీ ఆ కట్టు బిగుసుకుపోతుంది, ఇక విడిపించలేం.

అందుకే ఇకనుంచి ఎవడైనా "మందు కొట్టాడు" అంటే, అక్కడికక్కడే అడగండి: ఏ మందు? ఎవరి చేలో? డబ్బా ఏది?