‘ఇన్ నేచర్’ అనే తోక

ఆస్పత్రులలో రాసే ఇంగ్లీషు ఉత్తరాలలోనూ, స్కానింగు రిపోర్టులలోనూ విశేషణం వెనకాల ఒక చిన్న పదబంధం తోకలా వచ్చి చేరుతుంది. నొప్పి ‘బర్నింగ్ ఇన్ నేచర్’, దగ్గు ‘డ్రై ఇన్ నేచర్’, కీళ్ళ జబ్బు ‘క్రానిక్ ఇన్ నేచర్’, గడ్డ ‘బినైన్ ఇన్ నేచర్’. దగ్గు ‘డ్రై’ అంటే పొడిదగ్గు అని అందరికీ తెలుస్తుంది. దాని స్వభావం కూడా పొడిదే అని చెప్పడం వల్ల అదనంగా తెలిసినదేమిటో రాసినవారు కూడా చెప్పలేరు.

ఈ తోక మీద ఇంగ్లీషువారికి చిరాకు కొత్తగా వచ్చింది కాదు. విలియమ్ స్ట్రంక్ కార్నెల్ విశ్వవిద్యాలయంలో తన విద్యార్థుల కోసం 1918లో అచ్చు వేయించుకున్న ‘ది ఎలిమెంట్స్ ఆఫ్ స్టైల్’ అనే చిన్న పుస్తకం ‘నేచర్’, ‘క్యారెక్టర్’ అనే మాటల్ని తరచూ దండగగా వాడేవాటి ఖాతాలో వేసింది. ఆయన శిష్యుడు ఇ.బి. వైట్ 1959లో ఆ పుస్తకాన్ని సవరించి, పెంచి ప్రచురించాక అది అమెరికాలో రాత నేర్చుకునేవారికి ఇంచుమించు పెద్దబాలశిక్ష అయింది. స్ట్రంక్ తీర్పు సగం వరకే సరైనది. మిగతా సగం దగ్గరకు వచ్చే ముందు, డాక్టర్లకు ఈ అలవాటు ఎక్కడినుంచి వచ్చిందో చూడాలి.

వైద్యవిద్యార్థికి రోగిని ప్రశ్నించే పద్ధతిని ఒక పట్టికగా నేర్పుతారు. నొప్పి ఎక్కడ, ఎప్పుడు మొదలైంది, ఎలాంటిది, ఎటు పాకుతోంది, వెంట ఇంకేమున్నాయి, ఎప్పుడెప్పుడు వస్తోంది, దేనివల్ల పెరుగుతోంది, ఎంత తీవ్రంగా ఉంది. బ్రిటన్‌లో వీటి ఇంగ్లీషు తొలి అక్షరాలు కలిపి ‘సోక్రటీస్’ అని గుర్తుపెట్టుకుంటారు. ప్రశ్నలతో ఊరంతటినీ వేధించిన తత్త్వవేత్త పేరు రోగులను ప్రశ్నించే పట్టికకు రావడం సబబుగానే ఉంది. అందులో ‘ఎలాంటిది’ అన్న గడికి ‘క్యారెక్టర్’ అనో, ‘నేచర్’ అనో పేరు. విద్యార్థి ఆ గడిలో ‘బర్నింగ్’ అని నింపుతాడు. తరువాత దాన్ని వాక్యంగా మార్చేటప్పుడు గడి పేరును కూడా వాక్యంలోకి లాక్కొస్తాడు. ముప్పై ఏళ్ళు గడిచి కన్సల్టెంట్ అయ్యాక కూడా ఆ పట్టిక గీతలు అతని వాక్యాలలోంచి చెరిగిపోవు.

ఇంతకీ రోగి చెప్పినదేమిటి? ‘గుండెల్లో మండుతోంది’ అన్నాడు. ‘కడుపులో మెలిపెడుతోంది’ అన్నాడు. నొప్పిని చెప్పడానికి తెలుగువాడు ఎక్కువగా క్రియను ఆశ్రయిస్తాడు. సెగగడ్డ సలుపుతుంది, కాళ్ళు పీకుతాయి, పన్ను జివ్వుమంటుంది, నడుము పట్టేస్తుంది, నరం గుంజుతుంది, గాయం చురుక్కుమంటుంది. నామం కావలసివస్తే ఆ క్రియలోంచే పుడుతుంది. సలపడం నుంచి సలుపు, పొడవడం నుంచి పోటు, మండడం నుంచి మంట. తలపోటుకు, పంటి సలుపుకు వేరే స్వభావం అంటగట్టనక్కరలేదు. నొప్పి ఎలాంటిదో ఆ పేరులోనే ఉంది.

ఇంగ్లీషు కూడా మూలంలో అంత దూరమేమీ కాదు. రొనాల్డ్ మెల్జాక్ 1975లో ప్రచురించిన మెగిల్ నొప్పి ప్రశ్నావళిలో నొప్పిని వర్ణించే 78 మాటలు 20 గుంపులుగా ఉన్నాయి. థ్రాబింగ్, షూటింగ్, స్టాబింగ్, బర్నింగ్ వంటివి వాటిలో చాలానే కనిపిస్తాయి. మన వ్యాకర్తల పరిభాషలో ఇవి ధాతుజ విశేషణాలకు దగ్గరివి. వాటిలో ఇంకా ఒక పని జరుగుతూ ఉంటుంది, ఎవరో పొడుస్తూ ఉంటారు, ఏదో కాలుతూ ఉంటుంది. ‘ఇన్ నేచర్’ తగిలించగానే ఆ కదలిక ఆగిపోతుంది. మెలిపెడుతున్న కడుపు ‘కాలికీ ఇన్ నేచర్’ అయి, సీసాలో వేసి చీటీ అతికించిన వస్తువులా నిలబడుతుంది.

అయితే స్ట్రంక్‌ను నమ్మి ప్రతిచోటా కత్తెర వేస్తే మరో చిక్కు వస్తుంది. ఇంగ్లీషులో కొన్ని విశేషణాలకు రెండు బతుకులున్నాయి. ఒక వివాదం ‘లీగల్’ అంటే అది చట్టసమ్మతమైనదని అర్థం వచ్చే ప్రమాదం ఉంది. ‘లీగల్ ఇన్ నేచర్’ అంటే చట్టానికి సంబంధించినదని తేలుతుంది. విచారణ ‘సివిల్’ అంటే మర్యాదగా సాగిందేమో అనిపిస్తుంది, తోక ఉంటే అది క్రిమినల్ కేసు కాదని తెలుస్తుంది. ఒక పని ‘క్రిమినల్’ అనడం కోపంలో తిట్టినట్టూ ఉండవచ్చు, శిక్షాస్మృతి కిందికి వస్తుందని చెప్పినట్టూ ఉండవచ్చు. ఇటువంటిచోట తోక తన కూలి తాను సంపాదించుకుంటుంది.

ఈ రెంటినీ విడదీయడానికి తెలుగు ప్రశ్న ఒకటి బాగా పనికివస్తుంది. విశేషణం ‘ఎంత?’ అన్నదానికి జవాబు చెబుతోందా, ‘ఏ కోవది?’ అన్నదానికా? కోవను చెప్పేచోట, రెండర్థాలు వచ్చే వీలున్నప్పుడు, తోకను ఉంచవచ్చు. ఎంత అన్నదానికి జవాబైతే తీసేయాలి. ఈ లెక్కన అన్నిటికన్నా అన్యాయమైనవి ‘మైల్డ్ ఇన్ నేచర్’, ‘సివియర్ ఇన్ నేచర్’. తీవ్రతకు పట్టికలో వేరే గడి ఉండగా దాన్ని స్వభావంలో కుక్కడం ఆ పట్టిక ప్రకారమే తప్పు. ఇక ‘రేర్ ఇన్ నేచర్’ అని రాస్తే అరుదైన జబ్బో, అడవుల్లో అరుదుగా దొరికే మూలికో చదివేవారే తేల్చుకోవాలి. ప్రకృతి, స్వభావం రెండింటినీ ఇంగ్లీషు ఒకే మాటలో ఇరికించింది. వాతప్రకృతి, పిత్తప్రకృతి అనే ఆయుర్వేదమూ ఆ పనే చేసింది కాబట్టి మనం మరీ నవ్వడానికి లేదు.

ఇంతవరకు శైలి సంగతి. ‘మాలిగ్నెంట్ ఇన్ నేచర్’ దగ్గర ఇది శైలి దాటిపోతుంది. గడ్డ ‘మాలిగ్నెంట్’ అంటే కేన్సరు, సందేహం లేదు. తోక తగిలితే డాక్టరు చదువుకు అర్థం మారదు, ఇంట్లోవాళ్ళ చదువుకు మారుతుంది. గుంటూరులో ఉన్న తండ్రి రిపోర్టును లండన్లో ఉన్న కూతురు ఫోనులో చదివి తెలుగులో చెప్పవలసివస్తే, ఆమె నోట ‘కేన్సర్ స్వభావం గల గడ్డట నాన్నా’ అనే వస్తుంది. ‘అంటే కేన్సరు లాంటిదా? కేన్సరు కాదుగా?’ అని అవతలివైపు నుంచి ప్రశ్న. ఆ ప్రశ్నలో తండ్రి తప్పు లేదు. తెలుగులో పులి స్వభావం గలవాడు పులి కాదు. ఒక వస్తువుకు మరోదాని స్వభావం ఉందంటే అది ఇది కాదనే మన చెవికి తోస్తుంది. కూతురికీ ఆ ఆశ ఇష్టమే, కాబట్టి గట్టిగా కాదనదు. చికిత్సకు వెళ్ళడంలో నాలుగు వారాలు ఆలస్యమైతే అందులో ఆ రెండు మాటల వాటా ఎంతో ఎవరూ లెక్కగట్టరు.

నిజంగానే సందేహం ఉన్నప్పుడు సందేహమని రాయడం వేరు. బయాప్సీ ఇంకా రాలేదు, చూపుకు కేన్సరులా ఉంది అని రాస్తే చదివినవారికి దారి తెలుస్తుంది. ‘ఇన్ నేచర్’ ఆ పని చేయకుండానే చేసినట్టు కనిపిస్తుంది. రాసినవారికి కాస్త వెనకడుగు వేసిన ఊరట మిగులుతుంది. బ్రిటన్‌లో వైద్య రాయల్ కాలేజీల అకాడమీ 2018లో, క్లినిక్ ఉత్తరాలను మరో డాక్టరుకు కాక నేరుగా రోగికే, రోగికి తెలిసే మాటల్లో రాయమని సూచించింది. రోగి చదువుతాడని తెలిసి రాసే వాక్యంలో ఈ తోకకు చోటు తగ్గాలి. అలవాటు మటుకు ఇంకా గట్టిగానే ఉంది.

అనువాదకులకు మాత్రం ఈ తోకను మోయవలసిన అగత్యం ఎన్నడూ లేదు. ఇంగ్లీషు వాక్యంలో విశేషణం నామం లేకుండా చివర ఒంటరిగా నిలబడుతుంది కాబట్టి దానికి ఆసరా కావలసివస్తుంది. తెలుగు ఆ చోట నామాన్నే మళ్ళీ తెచ్చుకుంటుంది. ‘ఈ వివాదం సివిల్ స్వభావం గలది’ అని పత్రికలు రాసేదాన్ని కోర్టు గుమ్మం దగ్గర రైతు ‘ఇది సివిల్ తగాదా’ అంటాడు. ‘తాత్కాలిక స్వభావం గల ఉద్యోగం’ తాత్కాలిక ఉద్యోగమే. ‘దీర్ఘకాలిక స్వభావం కలిగిన వ్యాధి’ మొండిజబ్బు. పైగా మన విశేషణానికి ‘అయిన’ అనే ప్రత్యయం ముందే ఉంది. ‘నిరపాయకరమైన స్వభావం కలిగినటువంటి గడ్డ’లో స్వభావం, కలగడం, అటువంటిది అనే మూడు బరువులు అనవసరంగా దాని నెత్తికెక్కాయి. ‘ప్రమాదం లేని గడ్డ’ అంటే రోగి ఇంటికి వెళ్ళి అన్నం తింటాడు.

ఆ ఫోనులోని కూతురికి కూడా తెలుగులో మాట లేకపోలేదు. ‘అది కేన్సరే నాన్నా, తొందరగా చూపించుకుందాం.’ ఆ ‘ఏ’ ఒక్క అక్షరమే. పలకడం మటుకు చాలా కష్టం.