ఏడేళ్ళ లెక్క

కొద్ది నెలల క్రితం జగ్గయ్యపేటలో అసర్ నమాజు ముగిశాక ఒక సోదరుడు నా ప్రక్కన వచ్చి కూర్చున్నారు. తలాఖ్ జరిగి మూడేళ్ళయిందట. "మౌలానా సాబ్! అబ్బాయికి ఏడేళ్ళు నిండాయి. షరీఅత్ ప్రకారం ఇక నా దగ్గరకు రావాలి కదా? వాళ్ళమ్మ పంపడం లేదు. అందుకే నఫఖా ఆపేశాను" అన్నారు. అబ్బాయి ఎలా ఉన్నాడని అడిగాను. కాసేపు తల వంచుకొని, "డాక్టర్లు ఆటిజం అన్నారు. మాట రాలేదు. అన్నం ఎవరో ఒకరు తినిపించాలి" అన్నారు.

ఆ ఏడేళ్ళ మాట మేము మదరసాలో పాఠంగా చెప్పేదే. అయితే ఆ పాఠంలో మొదట వచ్చేది వయస్సు కాదు. మగపిల్లవాడు తనంతట తాను తిని, త్రాగి, బట్టలు తొడుక్కొని, ఇస్తింజా చేసుకోగలిగే వరకు హిజానత్ హక్కు తల్లిదేనని హిదాయా గ్రంథం చెబుతుంది. పిల్లలు సాధారణంగా ఏడేళ్ళకు ఆ స్థితికి చేరుకుంటారని ఇమామ్ ఖస్సాఫ్ (రహ్మలై) అంచనా కట్టారు. సాధారణంగా జరిగేదాన్ని బట్టి వేసిన లెక్క అది. తన చేతితో ముద్ద తినలేని బిడ్డపై ఆ లెక్కను ఎలా మోపగలం? ఈ మాట చెప్పినప్పుడు ఆ సోదరుని ముఖంలో కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువగా కనిపించింది. ఏడు అనే అంకె ఒక్కటే ఆయన చెవిన పడింది. తప్పు మాది కూడా. ఖుత్బాలలో అంకెలు చెప్పి కారణాలు వదిలేస్తున్నాము.

ఇక నఫఖా సంగతి. బిడ్డ ఎవరి ఒడిలో ఉన్నా పోషణ తండ్రి బాధ్యతే. తల్లిపై కోపంతో దాన్ని ఆపే హక్కు ఆయనకు లేదు. తన ఆస్తి అంటూ లేని కుమారుడు యుక్తవయస్కుడైనా, వ్యాధి వల్లనో బుద్ధిమాంద్యం వల్లనో సంపాదించలేకపోతే అతని ఖర్చు తండ్రిపైనే ఉంటుందని మన హనఫీ ఫుఖహాలు స్పష్టం చేశారు. భర్త చాలినంత ఇవ్వడం లేదని హజ్రత్ హింద్ (రజి) మొరపెట్టుకున్నప్పుడు, తనకూ పిల్లలకూ సరిపడినంత ధర్మబద్ధంగా తీసుకోమని దైవప్రవక్త (స) అనుమతించారు. సరిపడినంత అంటే ఎంత? ఆ తల్లి నందిగామలోని పుట్టింట ఉంటూ, వారానికి రెండుసార్లు బిడ్డను బస్సులో విజయవాడకు థెరపీకి తీసుకువెళుతున్నది. బస్సు ఛార్జీ, థెరపీ ఫీజు, ఆ రెండు రోజులు ఆమె కోల్పోయే కుట్టుపని కూలీ, ఇవన్నీ ఆ బిడ్డ అన్నంలో భాగమేనని నా అభిప్రాయం. అయితే తండ్రి స్తోమతను మించి అడగరాదు. తలాఖ్ సూరా ఈ హద్దును కూడా పెట్టింది.

దేశ చట్టమూ ఇక్కడ షరీఅత్‌కు ఎదురు నిలవడం లేదు. ముస్లిం తండ్రి మైనరు బిడ్డల పోషణ బాధ్యత ఇద్దత్‌తోనో రెండేళ్ళతోనో ముగియదని 1997లో నూర్ సబా ఖాతూన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. ఇప్పటి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్, శారీరక లేక మానసిక వైకల్యం వల్ల తనను తాను పోషించుకోలేని బిడ్డకు మేజరైన తరువాత కూడా ఆ హక్కునిస్తున్నది. మన ఇళ్ళలో చాలామందికి తెలియనిది ఇంకొకటి ఉంది. ఆటిజం గల వ్యక్తికి 18 ఏళ్ళు దాటాక సంరక్షకుణ్ణి నియమించే అధికారం 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం క్రింద జిల్లా స్థాయి కమిటీకి ఉంది. అందులో కలెక్టరు సభ్యులు. తల్లి కాలం చేశాక బిడ్డ ఎవరి చేతిలో ఉండాలో ముందే ఆలోచించుకోవాలి కదా.

తల్లి పెంపకం వల్లే పిల్లవాడిలా అయ్యాడని అత్తవారింట్లో అన్నారట. వైద్యులు ఎప్పుడో తోసిపుచ్చిన మాట అది. తావీజుల కోసం తిరిగిన డబ్బుతో ఎన్నిసార్లు విజయవాడ వెళ్ళి రావచ్చో ఆ కుటుంబమే లెక్క వేసుకోవాలి.

తరువాతి జుమా నాడు ఇరువైపుల పెద్దల ఎదుట ఒప్పంద పత్రం వ్రాశాము. బిడ్డ తల్లి వద్ద ఎన్నేళ్ళు ఉండాలన్న చోట అంకె వేయలేదు. "స్వయంగా తిని, తొడుక్కొని, శుభ్రపరచుకోగలిగే వరకు" అని వ్రాశాము. నెలసరి నఫఖాకు, థెరపీ ఖర్చులో సగానికి ఆయన ఒప్పుకున్నారు. ఆపిన నెలల సొమ్ము గురించి మాత్రం ఇంకా మాట ఇవ్వలేదు.