గుడ్డు కాలేయాన్ని కాపాడుతుందా?



"ఒట్టి కడుపుతో తాగితేనే ప్రమాదం. గుడ్లూ మాంసమూ తింటూ తాగితే కాలేయానికి ఏమీ కాదు" అనే మాట మన పల్లెలలో తరచుగా వింటూ ఉంటాము. తాగే భర్తకు రోజూ రెండు గుడ్లు ఉడికించి పెట్టి, ఆయనను కాపాడుకొంటున్నాననుకొనే ఇల్లాళ్ళూ ఉన్నారు. ఈ మాటలో నిజమెంతో ఈ నెల తెలుసుకొందాము.

సారా అయినా, బ్రాందీ అయినా అందులోని ఆల్కహాలును విరగగొట్టే పని చాలావరకు కాలేయానిదే. ఆ పనిలో ఎసిటాల్డిహైడు అనే విషపదార్థం పుడుతుంది. మొదట కాలేయానికి కొవ్వు పడుతుంది. తరువాత వాపు వస్తుంది. చివరకు అది గట్టిపడి కుంచించుకుపోతుంది. దీనినే సిరోసిస్ అంటారు. కడుపునిండా తిని తాగితే ఆల్కహాలు రక్తంలోకి నెమ్మదిగా చేరుతుంది, అంతే. ఆ బరువు మోయవలసినది మాత్రం కాలేయమే.

తాగేవారు సరిగా తినకపోవడం వల్లనే కాలేయం చెడుతుందని ఒకప్పుడు డాక్టర్లు కూడా అనుకొనేవారు. న్యూయార్కులో చార్లెస్ లీబర్ అనే డాక్టరు, ఆయన సహచరులు బబూన్ కోతులకు మాంసకృత్తులు చాలినంత ఉన్న ఆహారంతో పాటు ఏళ్ళ తరబడి ఆల్కహాలు ఇచ్చి చూశారు. మంచి తిండి తిన్నా వాటిలో కొన్నింటికి సిరోసిస్ వచ్చింది. 1974లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. కనుక గుడ్డు తాగుడుకు విరుగుడు కాదు.

అలాగని మాంసకృత్తులు అక్కరలేదా? ఎంతో అవసరం. కాలేయం చెడిన మనిషికి కండ కరిగిపోతుంది. రక్తంలో ఆల్బుమిన్ తగ్గి కాళ్ళు వాస్తాయి, పొట్టలో నీరు చేరుతుంది. ఇటువంటివారికి కిలో బరువుకు రోజుకు 1.2 నుండి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలని డాక్టర్లు చెబుతారు. అంటే 50 కిలోల మనిషికి 60 నుండి 75 గ్రాములు. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, 50 గ్రాముల కందిపప్పులో 11 గ్రాములు, గుప్పెడు వేరుసెనగ పప్పులో 7 గ్రాములు ఉంటాయి. రాత్రి పడుకొనే ముందు గ్లాసెడు పాలో, కొంచెం తిండో ఇవ్వడం మంచిది. ఉప్పు, ఊరగాయ తగ్గించాలి.

కామెర్లు రాగానే పప్పు, గుడ్డు మాన్పించి వారాల తరబడి చప్పిడి పత్యం పెట్టడం మనకు అలవాటు. ఇది నీరసించిన మనిషిని ఇంకా నీరసింపజేస్తుంది. పసరు మందులతో కాలయాపన చేయక డాక్టరుకు చూపించండి. మాట తడబడినా, మగతగా ఉన్నా, రక్తం కక్కినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

రోజూ తాగే మనిషి ఒక్కసారిగా మానితే వణుకు, మూర్ఛ రావచ్చు గనుక డాక్టరు సలహాతోనే మాన్పించాలి. కొవ్వు పట్టిన దశలోనే మానితే కొద్ది వారాలలో కాలేయం తేరుకోగలదు.

అమ్మలారా, ఆయన తాగుతున్నా తిండి మాత్రం తగ్గించకండి. అయితే తాగుతున్నంత కాలం మీ వంట ఆయన ఒంటికి కొంత సత్తువ ఇస్తుందే గాని కాలేయాన్ని కాపాడలేదు. తాగుడు మానిన రోజు నుండి అదే పప్పు, అదే గుడ్డు ఆయనకు మందుతో సమానంగా పనిచేస్తాయి. ఈ సంగతి ఆయనను కూర్చోబెట్టి, చదివి వినిపించండి.