ఎంఎస్ రోగి దిగులుకు ఇంటి భాషలో తోడు కావాలి

మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్) అనగానే కాళ్ల తిమ్మిర్లు, మసకబారే చూపు, తడబడే నడక గుర్తొస్తాయి. మనసు కుంగిపోవడాన్ని మాత్రం ఎవరూ జబ్బు లెక్కలో వేయరు. శరీర రక్షణ వ్యవస్థే మెదడు, వెన్నుపాముల్లోని నరాల పైపొర మైలిన్‌ను దెబ్బతీసే ఈ జబ్బు ఎక్కువగా 20-40 ఏళ్ల మధ్య బయటపడుతుంది. మగవారి కంటే ఆడవారిలో రెండు మూడు రెట్లు ఎక్కువ. బాధితుల్లో దాదాపు సగం మంది ఎప్పుడో ఒకప్పుడు కుంగుబాటుకు లోనవుతారు. దానికి రేపటి గురించిన బెంగతో పాటు మెదడులోని వాపు కూడా కారణం కావచ్చు. కాబట్టి దిగులుకు చికిత్స ఎంఎస్ చికిత్సలో భాగమే. ఆ చికిత్సలో కొంత రోగి తన ఇంట్లోనే, తన చేతులతోనే చేసుకోగలిగినది. కాకపోతే పక్కన ఒక మనిషి గొంతు, అదీ సొంత భాషలో, వినబడాలి.

దీనికి ఆధారాలున్నాయి. అమెరికాలో డేవిడ్ మోర్ బృందం 2005లో ప్రచురించిన అధ్యయనంలో ఎంఎస్‌తో పాటు కుంగుబాటు ఉన్న 127 మందికి 16 వారాలు ఫోన్‌లోనే సాయం అందింది. ఆలోచనలను, అలవాట్లను మార్చుకునే పద్ధతి నేర్చుకున్నవారు ఎక్కువ తేరుకున్నారు. ఆప్యాయంగా వినే తోడు మాత్రమే దొరికినవారూ మెరుగుపడ్డారు. ఏడాది తర్వాత ఈ రెండు బృందాల మధ్య తేడా మిగల్లేదు. జర్మనీలో 2015లో 90 మందితో జరిగిన పరీక్షలో తొమ్మిది వారాల కంప్యూటర్ పాఠాలు కూడా దిగులు తగ్గించాయి. అంటే ఆసుపత్రి మెట్లెక్కకుండానే మేలు సాధ్యమే.

తమిళనాడులోని తిరుత్తణి, తిరువళ్లూరు ప్రాంతానికి ఈ మాట మరీ వర్తిస్తుంది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలో కలిసినా, ఇక్కడ ఎన్నో ఇళ్లలో నేటికీ తెలుగే మాట్లాడతారు. తిరువళ్లూరులో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. అయినా నరాల నిపుణుల కోసం చెన్నై వెళ్లాలంటే తిరుత్తణి నుంచి 80 కిలోమీటర్ల పైమాటే. అలసటే ప్రధాన లక్షణమైన రోగిని ఆ ప్రయాణమే పడకేయిస్తుంది. పైగా ఒంటి వేడి పెరిగితే ఎంఎస్ లక్షణాలు తాత్కాలికంగా ముదురుతాయి. తిరుత్తణి ఎండలు తమిళనాడులోనే పేరుమోసినవి. అందుకే చల్లటి దేశాల స్వయం సహాయ పుస్తకాన్ని అనువదించి చేతికిస్తే చాలదు. పొద్దున్నే చల్లటి వేళ ఒక చిన్న పని, కూర్చుని కూరగాయలు తరగడం, మధ్యాహ్నం విశ్రాంతి, సాయంత్రం అక్కకో స్నేహితురాలికో ఫోన్, ‘నేను ఇంటికి బరువయ్యాను’ అన్న తలంపును కాగితం మీద పెట్టి అది ఎంతవరకు నిజమో పరీక్షించుకోవడం: ఇక్కడి ప్రణాళిక ఇలా ఉండాలి.

‘మీ దిగులు మీరే చూసుకోండి’ అని ప్రభుత్వం చేతులు దులుపుకోదా అన్న భయం న్యాయమైనదే. స్వయం సహాయం ఓ మోస్తరు దిగులుకు సరిపోవచ్చు. తీవ్రమైన కుంగుబాటుకు వైద్యుడు, అవసరమైతే మందులు తప్పవు. చావు ఆలోచనలు వస్తే క్షణం ఆలస్యం చేయకూడదు. 2022లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి-మానస్ నంబరు 14416 ఉంది. జబ్బు అలసటనే దిగులుగా పొరబడతామన్న అభ్యంతరానికీ జవాబు వైద్య పరీక్షే. ఇక ‘ఇంత జబ్బుంటే దిగులు సహజం’ అనేవారు గమనించాలి: నొప్పి కూడా సహజమే, అయినా దానికి మందిస్తాం.

తోడు గొంతు కోసం కొత్త నిపుణుల సైన్యం అక్కర్లేదు. మానసిక వైద్యులు కాని సాధారణ సలహాదారులు ఆరు నుంచి ఎనిమిది విడతల్లో తీవ్ర కుంగుబాటును సైతం తగ్గించగలరని గోవాలో 495 మందితో జరిగిన పరీక్ష చూపింది. తమిళనాడులో 2021 నుంచి ‘మక్కళై తేడి మరుత్తువం’ పథకం కింద ఆరోగ్య సిబ్బంది బీపీ, షుగర్ మందులతో ఇంటి గడప దాకా వెళ్తున్నారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఎంఎస్‌ను వైకల్యంగా గుర్తించింది. ఈ సిబ్బందిలో తెలుగు వచ్చినవారికి శిక్షణ ఇచ్చి, ఎంఎస్ రోగికి వారానికోసారి ఫోన్ చేయించడం తిరువళ్లూరు జిల్లా యంత్రాంగానికి అసాధ్యం కాదు. ఆ పని మొదలుపెట్టాలి.