పంటి కింద భయం

మన భాషకు పళ్ళంటే మహా ఇష్టం. కోపం వస్తే పళ్ళు నూరుతాము. కష్టం వస్తే పంటి బిగువున ఓర్చుకుంటాము. ఎదుటివాడితో పని పడితే పళ్ళికిలిస్తాము. అన్నంలో ఒక్క రాయి తగిలితే దాన్ని పదేళ్ళపాటు సామెతగా వాడుకుంటాము. ఆఖరికి అక్షరాలను కూడా వదిలిపెట్టలేదు. కాలేజీలో వ్యాకరణం చెప్పేవాణ్ణి గనక ఈ మాట కాస్త ధీమాగా చెప్పగలను. త, థ, ద, ధ, న అనే అయిదూ దంత్యాలు. ‘చలి’లోని చకారమూ, ‘జడ’లోని జకారమూ కూడా దంత్యాలే. ‘వ’ పలకాలన్నా పై పన్ను వచ్చి కింది పెదవిని తాకాలి. పళ్ళూడిన తాతగారు మనవణ్ణి పిలిస్తే సగం అక్షరాలు గాలిలో కలిసిపోయేది ఇందుకే.

ఇంత ఉపకారం చేసే పన్ను కాస్త సలిపిందంటే, దాన్ని డాక్టరుకు చూపించటానికి మాత్రం మనకు చేతులు రావు. కాళ్ళు అంతకన్నా రావు.

జ్వరం వస్తే మర్నాడే డాక్టరు దగ్గరికి పరుగెత్తుతాము. చూపు మందగిస్తే నెల తిరక్కుండా కళ్ళజోడు పెట్టిస్తాము. పన్నుకు మాత్రం “చూద్దాంలే” అంటాము. మొదట ఒక లవంగం. ఆ తరవాత ఉప్పు నీళ్ళు. అదీ కాకపోతే మందుల షాపులో ఒక బిళ్ళ. నొప్పి తగ్గిందా, ఇక పన్ను సంగతి మరిచిపోతాము. తగ్గకపోతే పిల్లల పరీక్షలు కానీ, పండగ వెళ్ళనీ, ఫీజులు కట్టనీ, పెళ్ళిళ్ళు కానీ అంటూ వాయిదాలు వేస్తాము. కోర్టు వాయిదాలకైనా ఒక అంతు ఉంటుందేమోగాని, పంటి వాయిదాలకు అంతు లేదు.

ఈ “చూద్దాంలే” వెనక దాక్కున్నవి రెండు. ఒకటి భయం, రెండోది ఖర్చు. రెండూ చిన్నవి కావు. అంచేత వాటిని చూసి నవ్వి ఊరుకోవటం న్యాయం కాదు.

ముందు భయం సంగతి చూద్దాం. ఇది మనకు తాతల నాటి నుంచి వచ్చిన ఆస్తి. ఒకప్పుడు ఐరోపాలో పళ్ళు పీకేవాడు మంగలే. మన తిరనాళ్ళలోనూ రోడ్డు పక్క చాప పరిచి, పీకిన పళ్ళను దండగా గుచ్చి, పట్టకారుతో కూర్చునేవాళ్ళుండేవారు. మత్తూ లేదు, మందూ లేదు. ఆ దృశ్యాన్ని విన్న మనవడికి కూడా కుర్చీ చూస్తే గుండె దడదడలాడటంలో వింతేముంది?

కాని ఇక్కడొక చిత్రమైన సంగతి ఉంది. శస్త్రచికిత్సలో నొప్పి తెలియకుండా చెయ్యాలన్న తపనలో ముందున్నవాళ్ళు ఈ పళ్ళ డాక్టర్లే. అమెరికాలో హోరేస్ వెల్స్ అనే దంతవైద్యుడు 1844లో నైట్రస్ ఆక్సైడు వాయువు పీల్చి, తన పన్నే తాను పీకించుకుని, నొప్పి తెలియలేదని తేల్చాడు. మరు సంవత్సరం బోస్టనులో పదిమంది ఎదుటా చూపించబోతే రోగి కేక పెట్టాడు. పాపం, వెల్స్ నవ్వులపాలయ్యాడు. 1846 అక్టోబరు 16న అదే ఊళ్ళో విలియం మోర్టన్ ఈథరుతో విజయం సాధించాడు. ఆయనా పళ్ళ డాక్టరే. ఈనాడు ఏ ఆపరేషను బల్లమీద ఎవరు హాయిగా నిద్రపోతున్నా, ఆ పుణ్యంలో ఈ ఇద్దరికీ వాటా ఉంది. 1943లో స్వీడన్‌లో నిల్స్ లోఫ్‌గ్రెన్ లిగ్నోకెయిను తయారు చేశాడు. ఇప్పుడు చిగురులోకి ఇచ్చే ఇంజక్షను సాధారణంగా అదే. సూది గుచ్చినప్పుడు కాస్త చురుక్కుమంటుంది. ఆ తరవాత దవడ కాసేపు మొద్దుబారి, అది మనది కాదన్నట్టుంటుంది. అంతే.

అయినా భయం పోదు. పోదని డాక్టర్లకూ తెలుసు. నార్మన్ కోరా అనే ఆయన 1969లో ఈ భయాన్ని కొలవటానికి నాలుగే నాలుగు ప్రశ్నలు తయారుచేశాడు. రేపు పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాలంటే ఎలా ఉంటుంది? బయటి గదిలో కూర్చుంటే ఎలా ఉంటుంది? కుర్చీలో ఉండగా డాక్టరు మర సిద్ధం చేస్తుంటే? పళ్ళు శుభ్రం చెయ్యటానికి పనిముట్లు తీస్తుంటే? ఒక్కొక్క దానికి అయిదు మార్కులు. మొత్తం ఇరవై. పరీక్షలన్నిటిలోనూ ఎక్కువ మార్కులు వస్తే విచారించవలసిన పరీక్ష ఇదొక్కటే కాబోలు! కొలబద్ద ఉందంటే అర్థమేమిటి? ఈ భయం మీ ఒక్కరికే లేదు, ఇందులో సిగ్గుపడవలసిందీ లేదు.

సిగ్గు లేదు సరే, ప్రమాదం మాత్రం ఉంది. అదెలాగంటే, పన్ను చాలా మోసకారి. పైన ఉండే ఎనామిలు మన ఒంట్లోకల్లా గట్టి పదార్థం. దానికి నరాలు లేవు. మనం తిన్న తీపిని నోట్లోని సూక్ష్మజీవులు తిని ఆమ్లం విడుస్తాయి. ఆ ఆమ్లం ఎనామిలును కొంచెం కొంచెం కరిగిస్తుంది. అప్పటికి నొప్పేమీ ఉండదు. లోపలి డెంటిను దాకా పుచ్చు పాకినప్పుడు చల్లని నీళ్ళు తగిలితే జివ్వుమంటుంది. ఇంకా లోపలి గుజ్జుదాకా పాకితే అర్ధరాత్రి లేచి కూర్చోబెడుతుంది. ఆ తరవాత ఒకనాడు నొప్పి దానంతటదే ఆగిపోవచ్చు. గండం గడిచిందని మనం సంతోషిస్తాము. నిజానికి లోపలి నరం చచ్చిపోయింది, అందుకని అరవటం మానేసింది. చీము మాత్రం వేరు చివరి నుంచి ఎముకలోకి దారి తీస్తూనే ఉంటుంది.

మా మేనత్తగారి సంగతి ఇక్కడ చెప్పక తప్పదు. ఆవిడ తెనాలిలో ఉంటారు. జంతికలు చెయ్యటంలో ఆవిడకు ఆవిడే సాటి. మాకందరికీ డబ్బాలకు డబ్బాలు వండిపెట్టి, తాను మాత్రం ఒక ముక్కను కాఫీలో నానబెట్టుకుని తినేవారు. ఎడమ వైపు కింది పన్ను పుచ్చి మూడేళ్ళయింది. “చూపించుకో అత్తయ్యా” అంటే, “ఈ వయస్సులో నాకెందుకురా పళ్ళకు వేలకు వేలు? ఆ డబ్బుంటే పిల్లదాని హాస్టలు ఫీజు వెళ్ళిపోతుంది” అనేవారు. ఒకనాడు నొప్పి ఆగిపోయింది. ఆవిడ ఆంజనేయస్వామికి ఆకుపూజ చేయించి, ప్రసాదం మాకు కూడా పంపించారు.

ఎనిమిది నెలలయ్యాక, ఒక ఆదివారంనాడు దవడ కింద వాచింది. సోమవారానికి నోరు తెరవలేకపోయారు. ఆ రాత్రికి ఉమ్మి మింగటం కూడా కష్టమైంది. అర్ధరాత్రి కారులో గుంటూరు తీసుకుపోయారు. చీము మెడలోకి దిగుతున్నదనీ, ఇంకొక పూట ఆలస్యమైతే ఊపిరి తీసుకునే దారికే అడ్డం పడేదనీ ఆసుపత్రి డాక్టరు చెప్పాడు. దవడ కింద కోసి చీము తీశారు. ఆరు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. మూడు పళ్ళు పోయాయి. ఆసుపత్రి బిల్లుతో ఇంటిల్లిపాదికీ పళ్ళు బాగుచేయించవచ్చు. నేను చూడటానికి వెళ్తే ఆవిడ నా చెయ్యి పట్టుకుని, “పంటి నొప్పితో కూడా మనుషులు పోతారట్రా?” అని అడిగారు. ఆ ప్రశ్నలో భయంకన్నా ఆశ్చర్యమే ఎక్కువ. మనలో చాలామందికి ఆ సంగతి తెలియదు.

ఇక ఖర్చు. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చుకోవటమంటే ఏమిటో పంటి వైద్యంలో తెలిసినంత బాగా మరెక్కడా తెలియదు. చిన్న పుచ్చుకు సిమెంటు పెట్టించుకుంటే వందలతోనో, వెయ్యీ రెండు వేలతోనో పోతుంది. గుజ్జు దాకా పాకితే రూట్ కెనాలు, పైన తొడుగు కలిసి వేలల్లోకి వెళుతుంది. పన్ను తీసేసి దాని చోట ఇంప్లాంటు పెట్టించాలంటే పదివేలు దాటి ఎంతో దూరం పోతుంది. బీమా ఉన్నది గదా అనుకుంటే, మామూలు పాలసీల్లో చాలావాటికి ప్రమాదంలో దెబ్బ తగిలితే తప్ప పన్ను పట్టదు. అంచేత ఈ ఖర్చు తిన్నగా ఇంటి చిట్టాలోకి వస్తుంది. ఆ చిట్టాలో అమ్మ పన్ను ఎప్పుడూ ఆఖరి పద్దు.

అయితే దారులు లేకపోలేదు. 1920లో కలకత్తాలో డాక్టరు ఆర్. అహ్మద్ మన దేశంలో మొదటి దంతవైద్య కళాశాల పెట్టారు. ఈనాడు హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లోనూ, విజయవాడలోనూ ప్రభుత్వ దంతవైద్య కళాశాలలున్నాయి. ప్రైవేటు కళాశాలలు అనేక ఊళ్ళలో ఉన్నాయి. అక్కడ విద్యార్థులు అధ్యాపకుల కళ్ళెదుట వైద్యం చేస్తారు. ఖర్చు బాగా తక్కువ, సమయం బాగా ఎక్కువ. ఒక పూట పోతుంది, రెండు మూడు సార్లు తిరగవలసి వస్తుంది. కుర్రవాళ్ళ చేతికి పన్ను అప్పగించటమా అని సందేహించేవారికి పాఠాలు చెప్పేవాడిగా ఒక మాట: పక్కనే గురువుగారు నిలబడి ఉంటే శిష్యుడు చూపించే జాగ్రత్త అంతా ఇంతా కాదు.

బయటి డాక్టరు దగ్గరికే వెళితే మొహమాటపడకండి. “ఏ పన్నుకు ఏం చెయ్యాలి? ఎంతవుతుంది? ఏది ఇప్పుడే చెయ్యాలి, ఏది ఆరు నెలలు ఆగుతుంది?” అని కాగితం మీద రాయించుకోండి. ఒక్క పన్ను చూపించబోతే ఎనిమిది తొడుగుల లెక్క వేసినవారు మా మిత్రుల అనుభవంలో ఉన్నారు. అటువంటప్పుడు ఎక్స్‌రే తీసుకుని ఇంకొకరికి చూపిస్తే తప్పేమీ కాదు. మంచి డాక్టరు దానికి కోపగించుకోడు.

భయస్తులకూ ఉపాయాలున్నాయి. నొప్పి లేనప్పుడే మొదటిసారి వెళ్ళండి. “ఇవాళ చూసి చెప్పండి చాలు” అనండి. భయమని ముందే చెప్పండి. ఎడమ చెయ్యి ఎత్తితే ఆపాలని ఒప్పందం చేసుకోండి. ఆపే అధికారం మన చేతిలో ఉన్నదంటేనే సగం భయం పోతుంది. చక్కెర వ్యాధి ఉన్నా, రక్తం పలచబడే మందులు వాడుతున్నా ఆ సంగతి దాచకండి. ఇంకొకటి, తల్లులకు మనవి. “అల్లరి చేస్తే పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకుపోతా” అని పిల్లల్ని బెదిరించకండి. ఈ రోజు అన్నం తినిపించటానికి వాడిన ఆ బెదిరింపును వాళ్ళు నలభై ఏళ్ళు మోస్తారు.

రెండు అపోహలు కూడా వదిలించుకుందాం. పై పన్ను తీయిస్తే కళ్ళు పోతాయంటారు. చూపు తెచ్చే నరం వేరు, పంటి నరం వేరు. పన్ను తీస్తే చూపు తగ్గదు. నలభై దాటాక పళ్ళూ చూపూ రెండూ మొరాయిస్తాయి గనక పాపం ఒకదాని నేరం రెండోదాని మీద పడింది. అలాగే, గార తీయిస్తే పళ్ళు కదులుతాయంటారు. చిగురు ఎప్పుడో వదులైపోయింది, ఆ సంగతిని గార కప్పిపెట్టింది, తీసేసరికి బయటపడింది. గారను గోడకు కొట్టిన సున్నంలా నమ్ముకుంటే గోడ నిలవదు.

ఇంట్లో చెయ్యవలసింది కొంచెమే. రాత్రి పడుకోబోయే ముందు ఫ్లోరైడు పేస్టుతో తోముకోవటం అన్నిటికన్నా ముఖ్యం. మూడేళ్ళు దాటిన పిల్లలకు బఠాణీ గింజంత పేస్టు చాలు, అంతకన్నా చిన్నవాళ్ళకు బియ్యపు గింజంత. ఇటుకపొడీ, కచ్చిక బొగ్గూ తెల్లగా చేస్తాయేమోగాని ఎనామిలును అరగదీస్తాయి. తీపి తినదలిస్తే భోజనంతో పాటే తినండి. రోజంతా కొంచెం కొంచెంగా చప్పరించకండి. నోట్లో పుండు మూడు వారాలైనా మానకపోతే, ముఖ్యంగా చుట్ట, జర్దా, ఖైనీ అలవాటున్నవారికి, అది పన్ను సంగతి కాదు. వెంటనే చూపించాలి.

ఈ రాత్రి అందరూ భోజనానికి కూర్చున్నప్పుడు ఒక్కసారి గమనించండి. ఎవరు ఒకే వైపు నములుతున్నారు? చల్లని మజ్జిగ వద్దంటున్నదెవరు? అప్పడం వడ్డించబోతే “నాకొద్దు, మీరు తినండి” అంటున్నదెవరు? ఆ మాట త్యాగం వల్ల వచ్చిందో, పంటి వల్ల వచ్చిందో అడిగి తెలుసుకోండి. పంటి వల్ల అయితే, ఆవిడ వద్దన్నా సరే, ఈ నెల చిట్టాలో ఆ పద్దును మొదటి వరుసలో రాయండి.